జ్వరం రాని సాయంత్రం

"ఆ డబ్బా కింద పెట్టండి అల్లుడుగారూ. మర్యాదగా చెబుతున్నాను."

"మర్యాదగానే వినబడింది అత్తయ్యా. పెట్టను."

మా మనవరాలి మొగుడు నిచ్చెనంత పొడుగు. మా కోడలు అతని మోచేతి దగ్గరికి వస్తుంది. పూటంతా బస్సు నడిపి వచ్చిన మనిషి, చెప్పులు కూడా విడవకుండా మందుల డబ్బాని తలమీదికెత్తి పట్టుకుని నిలబడ్డాడు. చూస్తే బస్సులో పై అర మీద సామాను సర్దుతున్నట్టే ఉంది. మా కోడలు ఇస్త్రీ బల్ల కింద నుంచి పీట లాక్కుని ఎక్కింది.

"ఎక్కండి, ఎక్కండి. పడి కాలు విరిగితే ఆస్పత్రిలో తల్లీకూతుళ్ళకి పక్కపక్క మంచాలు అడుగుతాను."

"అక్కడ పిల్ల వణికిపోతుంటే మీకు వేళాకోళంగా ఉందా?"

వేళాకోళం కాదని నాకు తెలుస్తూనే ఉంది. అతను భయపడితే జోకులు వేస్తాడు. మా కోడలు భయపడితే మీదికి వస్తుంది. ఇద్దరికీ భయం ఒకటే, దారులే వేరు.

ఆ వణుకుతున్న పిల్ల మా మనవరాలే. దుప్పటి కప్పుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. ఒళ్ళో బ్యాండు మేళం వాళ్ళ ఎర్రకోటు. చుట్టూ ఇంకా కాలర్లు పడని కోట్లు గుట్టగా ఉన్నాయి. పెదవుల మధ్య గుండుసూదులు వరసగా మెరుస్తున్నాయి.

పిల్ల అంటున్నాను కానీ దాని నెత్తి మీద తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. పసిదిగా ఉన్నప్పుడు రొమ్ము మీద అరచెయ్యి వేస్తే లోపల పిట్ట రెక్కలు కొట్టుకుంటున్నట్టు ఉండేది. అందుకే గువ్వ అన్నాను. ఆ పేరే నిలిచింది, అసలు పేరు బడి హాజరుపట్టీలోనే ఉండిపోయింది. గువ్వకి పుట్టుకతోనే గుండెలో చిల్లు, దానికి తోడు ఊపిరితిత్తులకి వెళ్ళే దారి ఇరుకు. ఏడేళ్ళప్పుడు రొమ్ము తెరిచి చిల్లు మూశారు, దారి వెడల్పు చేశారు. పెద్దయ్యాక ఇంకోసారి తెరిచి, ఆ దారిలో కొత్త కవాటం ఒకటి కుట్టారు. "ఇక మామూలు మనిషే" అని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని మా ఇంట్లో గుండె అనే మాటే ఎత్తడం మానేశాం.

"ఏమే గువ్వా, నువ్వు చెప్పు. మాత్ర కావాలా, వద్దా?" అంది మా కోడలు పీట మీద నుంచే.

"ఉఁ" అంది గువ్వ, సూదులు కదలకుండా.

"ఉఁ అంటే?"

"ఉఁహుఁ."

"చూశారా, వద్దంటోంది," అన్నాడు అల్లుడు.

"కావాలంటోంది! నా కూతురి ఉఁ నాకు తెలీదా?"

మా కోడలు ఎగిరి డబ్బా అంచు అందుకుంది. అతను వెనక్కి లాగాడు. మూత ఊడింది. మాత్రల అట్టలు, సగం వాడినవి, పావు వాడినవి, రెండే మిగిలినవి, అన్నీ ఎర్రకోట్ల మీద జల్లున రాలాయి. అందరం వంగి ఏరాం. ఏరినవన్నీ డబ్బాలో వేశాక, అతను దాన్ని గట్టిగా మూసి, మళ్ళీ బయటికి నడిచాడు.

"ఎక్కడికి?"

"బస్సులో నా సీటు కింద పెట్టి తాళం వేస్తాను. డాక్టరమ్మ రక్తం తీసే పని అయ్యేదాకా ఇది నాతోనే ఊరంతా తిరుగుతుంది."

"ఒళ్ళు కాలిపోతే?"

"కాలిపోతే మామూలు జ్వరం బిళ్ళ వేయొచ్చంది కదా. క్రిములని చంపే మాత్రలే వద్దంది. ఆయాసం వచ్చినా, కాలో చెయ్యో చచ్చుబడినా, మాట తడబడినా ఆ క్షణమే తీసుకురమ్మంది. నేను విన్నాను. మీరూ విన్నారు."

మా కోడలు పీట మీదే కూలబడింది.

వినడం విన్నాం. ఆ పొద్దున డాక్టరమ్మ గదిలో మేం నలుగురం కూర్చుని విన్నాం.

ఆవిడ, గుండెలో లోపంతో పుట్టి పెద్దవాళ్ళయిన వాళ్ళని మాత్రమే చూసే డాక్టరు. అలాంటి డాక్టరు ఉంటారని కూడా మాకు అంతవరకూ తెలీదు. చిన్నపిల్లల ఆస్పత్రి వాళ్ళు పెద్దదానివయ్యావు పొమ్మన్నాక, ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గువ్వకి నెలల తరబడి జ్వరం వచ్చి పోతూ ఉంటే మా వీధి డాక్టరు దగ్గు చూసి ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నాడు. ఇంకొకాయన రక్తం పరీక్ష చేయించి ఏమీ లేదన్నాడు. రొమ్ము మీద మైకులాంటిది ఆనించి గుండె బొమ్మ తీసినాయన కూడా ఏమీ కనబడలేదన్నాడు. పిల్ల మాత్రం చిక్కిపోతోంది, నడుం దగ్గర వదులైన లంగాలని తనే కూర్చుని బిగించుకుంటోంది.

డాక్టరమ్మ బల్ల మీద ప్లాస్టిక్ గుండె ఒకటి ఉంది, డబ్బాలాగా తలుపులు తెరుచుకునేది. నాకు చెయ్యి ఊరుకోదు. తెరిచాను. మూసేలోపే ఒక ముక్క ఊడి ఒళ్ళో పడింది.

"అయ్యో, విరగ్గొట్టాను తల్లీ."

"ఫరవాలేదు పెద్దమ్మా. మీ ఒళ్ళో పడింది మీ మనవరాలి ముక్కే," అందావిడ నవ్వి. "ఊపిరితిత్తుల దారిలో కవాటం. నాకు అనుమానం ఉన్నదీ దాని మీదే."

"అనుమానమేనా? మరి బొమ్మలో చూశారుగా?"

"ఈ గుండె ఎటు తిరిగి ఉంటుందో చూడండి. ఆ కవాటం రొమ్ము ఎముక వెనకే నక్కి ఉంటుంది. పైనుంచి చూద్దామంటే ఎముక అడ్డం, పాత ఆపరేషను మచ్చలు అడ్డం. గొంతులోంచి గొట్టం దింపి చూద్దామంటే అటునుంచి అది దూరం. కనబడలేదంటే లేదని కాదు, మనం చూసిన చోటు నుంచి కనబడలేదని."

ఆ మాట నాకు నచ్చింది. నేను ఎన్నోసార్లు కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుక్కున్నాను.

ఆవిడ గువ్వ గోళ్ళు ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూసింది. అరచేతులు చూసింది. కింది రెప్ప లాగి చూసింది. పాదాలు చూసింది.

"ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాను.

"ఎర్రటి సన్న గీతలు, చుక్కలు. కవాటం మీద పట్టిన క్రిముల గడ్డ నుంచి ముక్కలు తెగి కొట్టుకుపోతే అలా కనబడతాయి. మీ పిల్లకి లేవు."

"లేకపోతే మంచిదేగా," అంది మా కోడలు.

"మంచిదే. కానీ దాంతో ఏదీ తేలదు. ఎడమవైపు నుంచి తెగిన ముక్క ఒళ్ళంతా తిరుగుతుంది. కుడివైపు నుంచి తెగినది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఈవిడ కవాటం కుడివైపుది. మీ డాక్టరు నిమ్ము అన్నది నిమ్మేనా అని నా అనుమానం."

తరవాత మొదలుపెట్టింది ప్రశ్నలు. పెళ్ళిసంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు కూడా అన్ని అడగరు. పన్ను పీకించుకున్నావా, పచ్చబొట్టు పొడిపించుకున్నావా, గోళ్ళు కొరుకుతావా, ఒంటి మీద పుండ్లు ఉన్నాయా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా.

"నోట్లో ఏమైనా పెట్టుకునే అలవాటుందా? పుల్లలు, పెన్ను, ఏదైనా?"

"లేదండీ," అంది గువ్వ.

"ఏమీ లేదండీ," అంది వాళ్ళమ్మ.

"అలాంటివి లేవండీ," అన్నాడు మొగుడు.

నేనూ తల ఊపాను. అబద్ధం కాదు. నలుగురం మనస్ఫూర్తిగానే చెప్పాం.

డాక్టరమ్మ రాసుకోవడానికి తలవంచింది. గువ్వ పరాకుగా తన జాకెట్టు అంచుకి గుచ్చిన గుండుసూది తీసి పెదవుల మధ్య పెట్టుకుంది. ఇంకోటి తీసింది. అదీ పెట్టుకుంది.

డాక్టరమ్మ తలెత్తింది. చూస్తూ ఉండిపోయింది.

"అదేంటమ్మా?"

"ఏది?" అంది గువ్వ, సూదుల పక్కనుంచి.

"నోట్లో."

"ఓ, ఇవా. గుండుసూదులండీ."

"నోట్లో ఏమీ పెట్టుకోనన్నావు?"

"ఇవి పెట్టుకోవడం కాదండీ," అన్నాను నేను. "దర్జీ మనిషికి సూది ఉండే చోటే అది. రెండు చేతులూ గుడ్డ మీద ఉంటాయి, మరి సూది ఎక్కడుంటుంది?"

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే టార్చి తీసుకుని గువ్వ నోరు తెరిపించింది. నవ్వు ఆగింది. వెనకపళ్ళ దగ్గర చిగురు ఉబ్బి, నొక్కితే చీము చిమ్ముతోంది. గువ్వకి నొప్పి కూడా తెలియడం మానేసిందట.

"ఇదే దారి అని నేను చెప్పలేను. చిగురు చెడడానికి సూదులే కారణమనీ చెప్పలేను. కానీ నోట్లో క్రిములు రక్తంలోకి పోవడానికి ఇంత తలుపు చాలు. మామూలు గుండె అయితే వచ్చినదాన్ని వచ్చినట్టు కడిగి పంపేస్తుంది. లోపల కుట్టిన కవాటం ఉంటే వాటికి కూర్చోవడానికి జాగా దొరుకుతుంది. పన్ను సంగతి తరవాత చూద్దాం. ముందు రక్తం." కాగితాలు తిరగేసింది. "రక్తం పరీక్ష ఇదివరకు చేశారు. క్రిములు పెరగలేదు. అది నాకు అర్థం కావడం లేదు. ఇంట్లో ఈవిడకి జ్వరం వస్తే మీరేం చేస్తారు?"

తిట్టడానికి అడిగినట్టు అడగలేదు. చుట్టుపక్కల వాళ్ళు కుశలం అడిగినట్టు అడిగింది. అందుకే మా కోడలు ఛాతీ విరుచుకుని చెప్పింది.

"మా ఇంట్లో జ్వరాన్ని నిలవనివ్వమండీ. చిన్నప్పుడు ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు అన్నాడు, ఈ పిల్లకి జ్వరం వస్తే అశ్రద్ధ చేయకండమ్మా అని. అప్పట్నుంచీ నా దగ్గర డబ్బా ఉంది. ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, ఉన్న అట్టలోంచి రెండు మాత్రలు. జ్వరం దిగిందా, మిగిలినవి దాచేస్తాను, వచ్చేసారికి పనికొస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి అశ్రద్ధ చేశానేమో అడగండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

మా కోడలు అందరి ముఖాలూ చూసింది. తను చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

"అమ్మా, మీ శ్రద్ధకి వంక పెట్టను," అందావిడ చివరికి. "కానీ ఆ రెండు మాత్రలు రక్తంలో తిరుగుతున్న క్రిములని చంపుతాయి. కవాటం మీద గూడు కట్టుకున్నవాటిని చంపలేవు. జ్వరం దిగుతుంది. మేం రక్తం తీస్తే శుభ్రంగా కనబడుతుంది. గూటిలోవి మళ్ళీ బయలుదేరతాయి, మళ్ళీ జ్వరం, మళ్ళీ మాత్ర. మేం తలుపు తట్టేటప్పటికి వాటిని మీరు లోపలికి తోలేస్తున్నారు."

మా కోడలు ఆ తరవాత ఆ గదిలో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాట్లాడింది. ఎంత మాట్లాడిందో మీరు చూశారుగా.

ఆ సాయంత్రం గువ్వ జ్వరంతోనే కాలరు కుట్టింది. తెల్లవారాక కూడా ఒళ్ళు సలసల కాగుతూనే ఉంది. మర్నాడూ అంతే. మా కోడలు చేతులు కట్టుకుని కూతురి పక్కన కూర్చునేది. తడిగుడ్డ వేసేది, తీసేది, మళ్ళీ వేసేది. చేయడానికి ఏమీ లేని తల్లిని చూడడం నాకే కష్టమయ్యేది.

మాత్రలు ఒంట్లోంచి పోయాయని లెక్కచూసి డాక్టరమ్మ రమ్మంది. మొదటిసారి రక్తం తీసిన రోజు గువ్వతో నేనే వెళ్ళాను. ల్యాబు అబ్బాయి చేతిని తుడిచాడు, ఆరనిచ్చాడు, మళ్ళీ తుడిచాడు. గుండీలకి కాజాలు కుట్టే మా పని కన్నా నిదానం. తీసిన రక్తాన్ని పులుసులాంటి నీళ్ళున్న సీసాల్లో నింపాడు.

"ఆ నీళ్ళేంటి నాయనా?"

"క్రిములకి తిండి అవ్వా. తిని పెరిగితే మాకు తెలుస్తుంది."

"అంటే వాటిని మేపుతారా?"

"మేపితేనేగా పట్టుకునేది."

నాకు తమాషాగా ఉంది. అన్నాళ్ళూ మేం వాటిని మాడ్చి చంపాలనుకున్నాం, వీళ్ళేమో పిలిచి పీట వేస్తున్నారు.

డాక్టరమ్మ అటుగా వచ్చింది. ఇంకో రెండుసార్లు, వేరే వేరే రోజుల్లో, వేరే చేతి నుంచి తీయాలంది. ఒకే రకం క్రిమి మళ్ళీ మళ్ళీ కనబడితే అది కవాటం మీద కాపురం పెట్టినదేనని గట్టిగా చెప్పొచ్చట. గువ్వ అప్పటిదాకా నేల చూస్తోంది. అప్పుడు అడిగింది.

"దొరికితే ఏం చేస్తారండీ?"

"ఇక్కడ ఉంచుకుని వారాల తరబడి నరంలోకి మందు ఎక్కిస్తాం. చాలామందికి దాంతో తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

డాక్టరమ్మ దాచలేదు. "కవాటం పాడైపోతే మార్చాలి."

"అంటే తెరవాలి."

"తెరవాల్సి రావచ్చు. రాకపోవచ్చు కూడా. నాకు ఇప్పుడే తెలీదమ్మా."

తిరిగొచ్చేటప్పుడు గువ్వ కిటికీ పక్కన కూర్చుంది. నేను కదిపి చూశాను. "ఆ ల్యాబు అబ్బాయికి కాజాలు నేర్పితే బాగా కుడతాడే" అన్నాను. నవ్వలేదు.

ఆ సాయంత్రం జ్వరం రాలేదు.

మా కోడలు నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ కింద వేసింది. తన చెయ్యి మీద నమ్మకం లేక నన్ను వేయమంది. చల్లగా ఉంది. అల్లుడు ఇంటికొచ్చి వార్త విని గుమ్మంలోనే ఈల వేశాడు.

"చూశారా అత్తయ్యా! డబ్బా తీసేస్తే జ్వరం కూడా బస్సెక్కి పోయింది!"

"పోండి, మీరూ మీ బస్సూ," అంది మా కోడలు. కానీ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు రెండోసారి రక్తం తీశారు. ఇంకో రోజు మూడోసారీ తీశారు. గువ్వ కాస్త రొట్టె ఎక్కువ తింది. కోట్లు ఒక్కొక్కటీ తయారై కొక్కేనికి వేలాడుతున్నాయి. ఇంట్లో అందరూ తేలిగ్గా తిరుగుతున్నారు.

నాకొక్కదానికే నమ్మకం కుదరలేదు. ఆ జ్వరం పోయిన తీరు నాకు తెలిసిన తీరే. తనంతట తాను తగ్గే జ్వరం వెలుతురు వాలినట్టు మెల్లగా పోతుంది. ఇది దీపం ఊదేసినట్టు పోయింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో జ్వరాలన్నీ అలాగే పోయాయి.

కోడలి మీద అనుమానం వచ్చింది. రాకపోతే నేను అత్తగారిని ఎందుకవుతాను? వంటింట్లో నిలదీశాను.

"ఏమే, పిల్లకి పాలల్లో ఏమైనా కలిపావా?"

గిన్నె అక్కడే వదిలేసి తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నా కూతురు కళ్ళముందు కాలిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను అత్తయ్యా. అంతకన్నా ఏం చేయను? ఇంకా నన్నే అనుమానిస్తారా?"

ఆ ముఖం చూశాక ఇంకో మాట అడగలేకపోయాను.

ఇక ఇవాళ్టి సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కోట్లకి ఇత్తడి గుండీలు కుట్టడానికి కూర్చున్నాను. కాజాలూ గుండీలూ నా వాటా పని, చూపు మందగించినా వేళ్ళకి తెలుసు. పైన ఉన్నవన్నీ చిన్నవి. పెద్దవాటి కోసం గుండీల డబ్బా అడుగుదాకా చెయ్యి పెట్టాను. చల్లటి గుండీల మధ్య వేలికి నలిగిన అట్ట తగిలింది.

బయటికి తీశాను. మాత్రల అట్ట. గుంటలన్నీ ఖాళీ. ఒక్కటి మిగిలింది.

గువ్వ మిషను తొక్కుతోంది. తలెత్తకుండానే కాళ్ళు ఆపేసింది. గుండీల చప్పుడు ఆగిపోయిందని దానికి తెలిసింది.

"ఎక్కడిదే?"

"డబ్బా మూత ఊడినప్పుడు నా ఒళ్ళో పడింది."

"వెంటనే వేసుకున్నావా?"

"లేదు నానమ్మా. అప్పుడు వేసుకోలేదు. ఒట్టు. జ్వరం భరించాను."

"మరి?"

"మొదటిసారి రక్తం తీశాక, ఇంటికొచ్చి."

మా కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను గొంతు తగ్గించాను.

"ఎందుకే తల్లీ?"

చాలాసేపు కోటు అంచు మడతలు పెట్టింది, విప్పింది. "ఏడేళ్ళప్పుడు మెలకువ వచ్చేసరికి నా చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. గొంతులో గొట్టం. అమ్మా అని పిలుద్దామంటే గొంతు రాలేదు. రెండోసారీ అంతే. వాళ్ళు మంచివాళ్ళే నానమ్మా. నొప్పి కూడా గుర్తులేదు. పిలవలేకపోవడమే గుర్తుంది."

నేను గుండీల డబ్బా పక్కన పెట్టి దాని దగ్గరికి జరిగాను.

"ఒకే కుట్టు మీద రెండుసార్లు విప్పి కుట్టారు. మూడోసారి విప్పితే గుడ్డ నిలుస్తుందా? నువ్వే చెప్పు."

"నువ్వు గుడ్డవి కాదే."

"ఆ పెద్ద డాక్టరుకి కుట్టు కూడా సరిగ్గా రాదు. గీత వంకరగా పోయింది." నవ్వబోయింది. నవ్వు సగంలోనే చెదిరింది. "రక్తంలో ఏమీ లేదంటే ఇది ఉత్త జ్వరమే కదా నానమ్మా. ఉత్త జ్వరం అయితే ఇంట్లోనే ఉండొచ్చు."

"పురుగు పట్టిన కోటుకి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలిస్తే పురుగు పోతుందటే?"

గువ్వ కోటు మీది దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది.

"వాళ్ళు మూడుసార్లు సీసాలు నింపుకుని, వాటిని మేపుకుంటూ కూర్చున్నారు. రెండుసార్లు నువ్వు మాడ్చేసి ఇచ్చావు. ఆవిడ ఆ సీసాలు చూసి నీ గుండె సంగతి తేల్చుకోవాలి. ఎలా తేల్చుకుంటుంది?"

"అమ్మకి చెప్తావా?"

"నేను చెప్పను. నువ్వే డాక్టరమ్మకి చెప్పు. సాయంత్రం మీ ఆయన రాగానే ఫోన్ చేయించి చెప్పు. చెప్పలేదా, అప్పుడు నేను చెప్తాను."

"మా అమ్మ ముఖం ఎలా చూడను నానమ్మా? ఆవిడ కష్టపడి మాత్ర ఇవ్వకుండా ఉంది. నేనేమో..."

"అది తరవాతి సంగతి. ముందు గుండె."

అట్టని నా కొంగున కట్టుకున్నాను. గువ్వ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టు తిన్నగా పోవడం లేదు.

సాయంత్రం అల్లుడు వచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఫోన్ ఇస్త్రీ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. గువ్వ నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. అది లేవబోయింది.

సరిగ్గా అప్పుడే ఆ ఫోనే మోగింది.

మా కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎత్తింది. చెవి దగ్గర పెట్టుకుంటే తనకి వినబడదని అందరికీ వినబడేట్టు నొక్కుతుంది. డాక్టరమ్మ గొంతు గదంతా నిండింది.

"అమ్మా, ల్యాబు నుంచి కబురొచ్చింది. మొదటిసారి తీసిన రక్తంలో క్రిమి పెరిగింది. నోట్లో ఉండే రకం."

అల్లుడు తడికాళ్ళతో గుమ్మంలో ఆగిపోయాడు. మా కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"కానీ రెండోసారి, మూడోసారి తీసినవాటిలో ఇంతవరకూ ఏమీ లేదు. ఒక్కసారే కనబడి మిగతావి శుభ్రంగా ఉంటే, సూది గుచ్చేటప్పుడు పైనుంచి చేరిందేమో అనుకోవాల్సి వస్తుంది. అందుకే అడుగుతున్నాను. జ్వరం కూడా తగ్గిందన్నారు. మధ్యలో ఆ మాత్రలేమైనా పడ్డాయా? పడలేదంటే నేనొక రకంగా ఆలోచించాలి. పడ్డాయంటే పూర్తిగా వేరే రకంగా ఆలోచించాలి, ఇవాళే."

గువ్వ నోట్లో గుండుసూదులున్నాయి. మానేస్తానని డాక్టరమ్మకి మాటిచ్చింది కూడా. ఎప్పుడు పెట్టుకుందో దానికే తెలీదు.

"లేదండీ!" అంది మా కోడలు. గొంతు ఖంగుమంది. అన్నాళ్ళూ ఉగ్గబట్టుకున్నదంతా ఆ గొంతులో ఉంది. "ఒక్కటంటే ఒక్కటి పడలేదు డాక్టరుగారూ. నాది పూచీ. ఈసారి మేం మీరు చెప్పినట్టే చేశాం."

"డబ్బా నా సీటు కిందే ఉందండీ, తాళం నా జేబులో," అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"చాలా మంచిదమ్మా," అంది డాక్టరమ్మ. "అయితే ఇక కంగారేమీ లేదు, ఇంకొన్నాళ్ళు..."

గువ్వ పెదవుల మధ్య నుంచి ఒక సూది తీసి సూదుల దిండుకి గుచ్చింది. ఇంకోటి తీసి గుచ్చింది. ఆఖరిది చేతిలోంచి జారి నేల మీద పడింది. దాన్ని ఏరుకోలేదు. లేచి నిలబడి చెయ్యి చాపింది.

"అమ్మా, ఆ ఫోన్ ఇటివ్వు."

"ఎందుకే? చెప్పేశాగా."

"నీకు తెలిసింది నువ్వు చెప్పావు."

మా కోడలు కూతురి ముఖం చూసింది. నా వైపు తిరిగింది. అట్ట అంచు బయటికి కనబడుతున్న నా కొంగు ముడి వైపు చూసింది. మెల్లగా, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు, ఫోన్‌ని రొమ్ముకి అదుముకుంది.

చాపిన చెయ్యి అలాగే ఉంది. చీర మడతల్లోంచి డాక్టరమ్మ గొంతు "హలో... ఉన్నారా అమ్మా?" అంటూనే ఉంది.